ఊఁ కొట్టే బిళ్ళ

బావి పని ఎప్పుడూ ఇద్దరిది. ఒకడు లోపలికి దిగుతాడు, ఒకడు గట్టుమీద ఉంటాడు. దిగినవాడు గడ్డపారను చూసుకుంటాడు, గట్టుమీదవాడు దిగినవాణ్ణి చూసుకుంటాడు. కదిరి పక్క బావులు తవ్వే వడ్డెర ఇళ్ళలో ఆ ఇద్దరినీ సంబంధం కలిపినంత ఆలోచన చేసి జతకలుపుతారు. అన్నదమ్ములను జతచెయ్యరు. బావిలోకి దిగినాక కూడా వాళ్ళకు పొలం గెనిమల గట్టు తగాదాలు గుర్తుకొస్తాయంటారు. బావా బావమరిది అయితే ఆ భయం లేదు. బావను క్షేమంగా పైకి లాగకపోతే వాడు అక్క ముఖం ఎట్లా చూస్తాడు?

మారెన్న దిగేవాడు, పుల్లన్న గట్టుమీదవాడు. మారెన్న భార్య సుంకమ్మ పుల్లన్నకు తోడబుట్టిన అక్క.

మారెన్నకు మాట తక్కువ. పుల్లన్నకు నోరు మూస్తే ఊపిరాడదు. కానీ గట్టుమీద ఊటనీళ్ళు తోడే డీజిల్ ఇంజన్ దడదడలాడుతుంటే పైమాట కిందికి పోదు, కింది మాట పైకి రాదు. అందుకని వాళ్ళ మాటలన్నీ తాడుతోనే. మారెన్న నడుముకు కట్టిన తాడును పుల్లన్న ఉండుండి ఒక గుంజు గుంజేవాడు. కిందినుంచి తిరుగు గుంజు వచ్చేది. బాగున్నానని దానికి అర్థం. రాకపోతే లాగెయ్యాలి. వాళ్ళ తాతల నాటినుంచీ అంతే.

మాటబిళ్ళ వచ్చినాక తాడును గుంజడం మానుకున్నారు.

బిళ్ళను చేసింది ఇందుమతి అనే ఆమె. అనంతపురంలో ఒక చిన్న ప్రయోగశాల ఆమెది. చిన్నప్పుడు టీవీలో, చుక్కల మధ్య ఓడల్లో తిరిగే మనుషులు ఎదమీద తట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడటం చూసిందట. పెద్దయినా ఆ పిచ్చి వదల్లేదు. ఫోను పనిచెయ్యని చోట్ల బతికేవాళ్ళ కోసమే చేస్తానని పట్టుబట్టి, బావులు తవ్వేవాళ్ళను వెతుక్కుంటూ ఊరికి వచ్చింది. బావను, బావమరిదిని తన జీపులోనే ప్రయోగశాలకు తీసుకుపోయింది.

"మీ గొంతు నాకివ్వాలి" అంది అక్కడ, నల్ల స్పాంజి అతికించిన గదిలో కూర్చోబెట్టి.

"ఇచ్చేస్తే మల్ల నేనేం జేసేది మేడం?" అన్నాడు పుల్లన్న.

"ఇచ్చెయ్ ర్యా పుల్లిగా. ఊరు రెండు దినాలు నెమ్మదిగా ఉంటాది" అన్నాడు మారెన్న. ఆ రోజంతా అతను తనంత తానుగా అన్న మాట అదొక్కటే.

పూట పూటంతా ఇద్దరిచేతా మాటలు చెప్పించింది. ఊళ్ళ పేర్లు, పంటల పేర్లు, తిట్లు, పలకరింపులు. తిట్లు చెప్పేటప్పుడు మారెన్న సిగ్గుపడితే పుల్లన్న అతని వంతు కూడా తిట్టబోయాడు. ఎవరి గొంతు వాళ్ళదే కావాలని ఇందుమతి నవ్వుతూ ఆపింది.

బిళ్ళ రూపాయి కన్నా కాస్త పెద్దది, ఇద్దరికీ చెరొకటి. గొంతు గుంటలో అంటించుకుని వేలితో ఒక్క తట్టు తడితే తెరుచుకుంటుంది. రాయి మాటను మింగేస్తుంది కాబట్టి బిళ్ళ మాటను పంపదు అని చెప్పింది ఆమె. గొంతు ఎట్లా అదిరిందో ఆ ఆనవాలు చిటికెడు పంపుతుంది. పైబిళ్ళలో మారెన్న గొంతు ముందే దాచిపెట్టి ఉంటుంది. పైబిళ్ళ ఆ ఆనవాలు పట్టుకుని, అతని గొంతుతోనే మాటను కొత్తగా కట్టి పలుకుతుంది.

"అంటే నాకు ఇనపడేది మా బావ గాదా?"

"మీ బావే. పిండి చేసి పంపి, ఇక్కడ ఎసట్లో పోసి ముద్ద చేసినట్టు."

"సంగటి మాదిర."

"సంగటి మాదిరే" అంది ఇందుమతి.

మొదటిసారి బావిలో పెట్టి చూసిననాడు పుల్లన్న సంబరం ఇంతా అంతా కాదు. అంత లోతునుంచి, ఇంజన్ మోతలోనుంచి, మారెన్న "గడ్డపార మొన పోయింది, ఇంగోటి దింపు" అంటే గుండెల దగ్గర నిలబడి చెప్పినట్టు వినిపించింది. పుల్లన్న కత ఎత్తుకున్నాడు. పొట్టేలు తప్పిపోయిందని పోలీసు ఠాణాకు పోయినోడి కత. రెండు మాటలు చెప్పి ఆగాడు. కిందనుంచి ఏమీ లేదు. మళ్ళీ రెండు చెప్పి ఆగాడు. ఏమీ లేదు.

"బావా, ఉండావా?"

"ఉండా. పని జేస్తాండా గదా" అన్నాడు మారెన్న.

పుల్లన్న కత అక్కడితో చచ్చిపోయింది. గట్టుమీద చెట్టునీడన కూర్చుని గాజు పలకమీద గీతలు చూసుకుంటున్న ఇందుమతి దగ్గరికి వచ్చి నిష్టూరమాడాడు.

"మేడం, దీంట్లో ఒక కొదవుండాది. ఊఁ కొట్టదు."

"ఏమిటి?"

"ఊఁ మేడం. కత చెప్తాంటే ఎదురుగా ఉండే మనిషి ఊఁ కొట్టల్ల. కొట్టకపోతే గోడకు చెప్పినట్టు ఉంటాది. మీరింత జేసినారు, ఆ ఒక్కటీ జెయ్యరాదా?"

"మీ బావ వింటున్నాడని మీకు తెలియాలి. అంతేనా?"

"అంతే. ఇంగేమొద్దు."

ఆమె తల ఊపి ఏదో రాసుకుంది. మరుసటి వారం బిళ్ళలు పట్టుకుపోయి, సరిచేశామని చెప్పి పంపింది. ఎట్లా సరిచేశారని పుల్లన్న అడగలేదు. చెప్పాలని ఆమెకూ తోచలేదు. అప్పటినుంచి పుల్లన్న రెండు మాటలు చెప్పి ఆగితే చాలు, మారెన్న గొంతు బొంగురుగా "ఊఁ" అనేది. ఒకసారి పొట్టిగా, ఒకసారి సాగదీసి, ఒకసారి నవ్వు ఆపుకున్నట్టు. పుల్లన్నకు పండగైపోయింది. బావుల మీద బావులు పూడిక తీశారు. పాత కతలైపోయి కొత్తవి అల్లుకున్నాడు. తాడు మారెన్న నడుముకు ఉండనే ఉండేది, కానీ దాన్ని గుంజి అడగవలసిన పని ఏముంది? మనిషి ఊఁ అంటుంటే!

ఒక సాయంత్రం అక్క ఇంట్లో సంగటి తింటూ ఈ సంగతే గొప్పగా చెప్పాడు.

"ఇంట్లో పదిమాట్లు పిలిస్తే ఒకమారు పలకడు. బాయిలో నీకు మాటమాటకూ ఊఁ అంటాడా?" అని సుంకమ్మ మొగుడి కంచంలో చెనిక్కాయల ఊరిబిండి ఒక ముద్ద ఎక్కువే వేసి చూసింది. "యాందయ్యా, నా మాటలు అంత చేదా?"

"నేను యాడ అన్నెను?" అన్నాడు మారెన్న నోట్లో ముద్ద పెట్టుకుంటూ. "నా పని నేను జేసుకుంటాంటా."

"అదిగో, అపద్దాలు!" అని పుల్లన్న విరగబడి నవ్వాడు. అక్క కూడా నవ్వింది. మారెన్న ఇద్దరినీ ఒకసారి చూసి ఊరుకున్నాడు. అతను దేన్నీ రెండోసారి చెప్పే మనిషి కాదు.

ఓబిరెడ్డి బావి చాలా ఏండ్లుగా వాడకుండా వదిలేసింది. పక్కన వేపచెట్ల ఆకు రాలి రాలి, నీళ్ళడుగున కుళ్ళి, నల్లటి రొంపి పేరుకుంది. ముందు ఇంజన్ పెట్టి నీళ్ళు తోడేశారు. మారెన్న పద్ధతి తప్పని మనిషి కాబట్టి లాంతరు వెలిగించి తాడుతో దింపి చూశాడు. అడుగుదాకా పోయినా మంట వణకలేదు. లాంతరు పైకి తీసుకుని, బిళ్ళ తట్టి, తాడు బిగించుకుని దిగాడు.

అడుగు చేరినాక, "వాసనేం రాలేదు గానీ రొంపి శానా ఉండాది ర్యా. ముందు పెళ్ళగిస్తా. గంప తర్వాత దింపుదువు" అన్నాడు.

"సరే బావా. పెళ్ళగించు. నేను కత చెప్తా."

"చెప్తావులే. నువ్వు మానుకుంటావా?"

పుల్లన్న గట్టుమీద గిలక పక్కన కూర్చున్నాడు. పైనుంచి చూస్తే బావిలో సగం దాకా రాతికట్టు, ఆ కింద ఉత్త నలుపు. ఇంజన్ ఊటనీళ్ళు లాగుతూ దడదడలాడుతోంది. అతను కొత్త కత ఎత్తుకున్నాడు. ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములకు ఒకటే చెప్పుల జత. ఒకడు పొద్దున వేసుకుపోతే ఇంకొకడు మాపున వేసుకుంటాడు.

"ఊఁ."

ఒకనాడు ఇద్దరికీ ఒకే పెండ్లికి పిలుపొచ్చింది. ఏం చెయ్యాల?

"ఊఁ."

ఎడమకాలిది పెద్దోడు, కుడికాలిది చిన్నోడు వేసుకుని, ఇద్దరూ కుంటుకుంటూ బయలుదేరినారు. దారిలో కనపడినోళ్ళంతా అయ్యో పాపం, ఇద్దరికీ ఒకేనాడు ముల్లు గుచ్చుకునిందే అంటాండారు.

"ఊఁ."

పుల్లన్నకు తన కతకు తనకే నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వి, కండ్లు తుడుచుకుని, పెండ్లి మాట వచ్చింది గదా అని పాత ఎత్తిపొడుపు ఒకటి అందుకున్నాడు. మారెన్న తన పెండ్లికి ముందు దినమంతా ఎవరిదో బావిలో పనిచేసి వచ్చి, పీటలమీద కూర్చుని, అయ్యవారు మంత్రాలు చదువుతుంటే తల వాల్చేశాడు. ఊరంతా చూసింది. ఆ మాట ఎవరెత్తినా మారెన్న ఊరుకోడు. పనిలో ఉన్నా సరే, జ్వరంతో మంచంమీద ఉన్నా సరే, లేచి కూర్చుని "నిద్రగాదు ర్యా, దండం పెట్టుకుంటాంటి" అంటాడు. మాటలేని మనిషినుంచి మాట రాబట్టాలంటే పుల్లన్న దగ్గర ఉన్న మందు అదొక్కటే.

"ఆ పెండ్లిలో పెండ్లికొడుకు ఎట్లుండాడనుకున్నావు బావా? నీ మాదిరే. పీటలమీదే గుర్రుకొట్టి నిద్రపోయె."

"ఊఁ" అంది బిళ్ళ.

పుల్లన్న నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు మూతిమీద అట్లాగే ఉండిపోయింది గానీ లోపల ఏదో ఆగింది.

"నేను చెప్పేది నీ పెండ్లి సంగతి. నువ్వు నిద్రపోయినావు. మా అక్క మోచేత్తో పొడిస్తే లేచినావు."

"ఊఁ." ఈసారి సాగదీసి, నవ్వు ఆపుకున్నట్టు.

మారెన్న దీనికి ఊఁ కొట్టడు. భూమి తలకిందులైనా కొట్టడు.

పుల్లన్న లేచి ఇంజన్ ఆపాడు. ఒక్కసారిగా చేలన్నీ నిశ్శబ్దమయ్యాయి. బావిలోకి వంగి "బావా!" అని అరిచాడు. బావి అతని అరుపునే తిరిగి పంపింది. గడ్డపార చప్పుడు లేదు. గొంతు దగ్గర బిళ్ళ మటుకు "ఊఁ" అంది. తాడు పట్టుకుని ఒక గుంజు గుంజాడు. తిరుగు గుంజు రాలేదు. ఇంకోసారి గుంజాడు. తాడు చివర బరువుంది, అంతే. మోటబండకు కట్టినట్టు కదలని బరువు.

అతను ఎట్లా అరిచాడో ఓబిరెడ్డీ, పక్క చేలో చెనిక్కాయ పీకుతున్న వాళ్ళూ పరుగెత్తుకొచ్చారు. దిగబోయిన పుల్లన్నను ఓబిరెడ్డి గట్టిగా వాటేసుకున్నాడు. "దిగితే నువ్వూ పోతావు. లాగు, లాగు!" అందరూ తాడు పట్టుకున్నారు. గిలక కిర్రుమంది. మారెన్న రాతికట్టుకు తగులుతూ, తిరుగుతూ, తల వేలాడుతూ పైకొచ్చాడు. ఒళ్ళంతా నల్లటి రొంపి. దాంతోపాటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పున వచ్చింది. అడుగున అణిగి ఉన్న విషవాయువు, లాంతరుకు దొరకలేదు గానీ, గడ్డపారతో రొంపి పెళ్ళగించగానే పైకి లేచింది.

గట్టుమీద పడుకోబెట్టారు. నోట్లో, ముక్కులో రొంపి తీశారు. ఒకడు ఎదమీద రెండు చేతులూ పెట్టి అదిమాడు. ఓబిరెడ్డి నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"లేదప్పా. పోయి శానాసేపయింది."

"యాడ శానాసేపు? ఇప్పుడు మాటాడె గదా!" పుల్లన్న బావ చెంపలు పట్టుకుని ఊపాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. "బావా! ఓ బావా!"

"ఊఁ."

తాడు పట్టుకున్న మనుషులంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఒకామె కెవ్వుమని చేతిలో కొడవలి జారవిడిచింది. మారెన్న పెదవులు కదల్లేదు. రొంపి పట్టిన ఆ పెదవులను పుల్లన్న కండ్లారా చూస్తూనే ఉన్నాడు. బావ గొంతు మాత్రం తన మెడ కింద, తన చర్మానికి ఆనుకుని, చల్లగా, నింపాదిగా, కత ఇంకా చెప్పమన్నట్టు పలికింది.

అతను బిళ్ళను పెరికి పారేశాడు. దాంతోపాటు ఇంత తోలు ఊడి రక్తం కారింది.

పెద్దకర్మ జరిగే పెద్దదినానికి ముందు పుల్లన్న రెండు బిళ్ళలనూ పాత తువాలులో మూటగట్టుకుని అనంతపురం బస్సెక్కాడు. పోలీసులు విషవాయువని రాసుకుని పోయారు. ఊరివాళ్ళు దయ్యమన్నారు. అతనికి రెండూ కాదు. ఒక్కటే తెలియాలి.

ఇందుమతికి కబురు ముందే అందింది. ఆమె కండ్లు ఉబ్బి ఉన్నాయి. మూట విప్పింది గానీ బిళ్ళలను ముట్టుకోలేదు.

"మా బావ పోయినాక ఊఁ అన్నెది ఎవరు?" అన్నాడు పుల్లన్న.

"నేను" అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. ఆమె కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. మీరు ఆగినప్పుడు కిందనుంచి మాట రాకపోతే పైబిళ్ళే మారెన్న గొంతుతో ఊఁ కొట్టేటట్టు పెట్టాను. ఊరికే కొట్టకుండా ఒక కాపలా కూడా పెట్టాను. కింది బిళ్ళకు ఒంటి వెచ్చదనం తగులుతుండాలి. వెచ్చగా ఉందంటే మనిషి ఉన్నాడనే కదా అనుకున్నాను.

"చల్లబడేదానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలీదా? తెలుసు" అంది. "ఆలోచించలేదు."

పుల్లన్నకు ఇన్నాళ్ళు చెప్పిన కతలన్నీ గుర్తుకొచ్చాయి. ఏ బావి గట్టున ఏ కత చెప్పాడో, ఏ మాటకు బావ నవ్వు ఆపుకున్నాడని మురిసిపోయాడో. 'నేను యాడ అన్నెను' అని సంగటి ముందు కూర్చున్న బావ నిజమే చెప్పాడు.

"ఆయనవి ఏవి, బిళ్ళవి ఏవి, యిడదీసే దోవ ఉండాదా?"

"ఉంది. పైబిళ్ళ పట్టుకున్నదంతా ఎప్పటికప్పుడు ఇక్కడికీ చేరుతుంది. కానీ మీరు వినక్కర్లేదు."

"మీరు ఇన్యారా?"

ఆమె ముఖం చూస్తే విన్నదని తెలుస్తూనే ఉంది.

"ఇనిపియ్యండి మేడం."

బిళ్ళ కట్టిన ఊఁలన్నీ తీసేసి, కిందినుంచి వచ్చిన ఆనవాళ్ళు మాత్రం వినిపించింది. పైన పుల్లన్న గొంతు గలగలా సాగుతోంది. ఒకటే చెప్పుల జత. అతను ఆగిన చోట కింద ఏమీ లేదు, రొప్పు తప్ప. పెండ్లికి పిలుపొచ్చింది. రొప్పు. ఏం చెయ్యాల? రొప్పు బరువెక్కింది. ఇద్దరూ కుంటుకుంటూ బయలుదేరినారు. ముల్లు గుచ్చుకునిందే అంటాండారు. అక్కడ, పుల్లన్న ఆగిన ఆ జాగాలో, చాలా దూరంనుంచి, నాలుక మందమైనట్టు ఒక మాట.

"ర్యా... లాగు."

ఆ వెంటనే పుల్లన్న నవ్వు. కడుపు పట్టుకుని నవ్విన నవ్వు. దాని తర్వాత కింద రొప్పు కూడా లేదు.

"గొంతు సరిగ్గా అదరలేదు" అంది ఇందుమతి. "మాటో చప్పుడో బిళ్ళకు తేలలేదు. తేలనప్పుడు చప్పుడు కిందే లెక్క. తీసేసి, ఊఁ పెట్టింది."

నీళ్ళిస్తే పుల్లన్న గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"నేను వచ్చి మీ అక్కకు చెప్తాను. చేసింది నేను."

"వద్దు" అన్నాడు అతను. "ఊఁ గావాలని అడిగింది నేను."

పెద్దదినంనాడు పుట్టింటి చీర అన్నో తమ్ముడో పెట్టాలి. సుంకమ్మకు ఉన్నది పుల్లన్న ఒక్కడే. ఊరి ఆడవాళ్ళు బయట పందిట్లో కాచుకుని ఉన్నారు. లోపల మూల సుంకమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. అతను చీర పట్టుకుని ఎదుట నిలబడ్డాడు. కప్పేసి బయటికి పోతే అయిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు. ఊరు దయ్యమని నమ్మింది, అక్క విధి అని ఏడ్చింది.

"అక్కా" అన్నాడు. "బావ ఊరికే పోలేదు. లాగమన్నెడు."

సుంకమ్మ తలెత్తింది.

"నీకు ఇనపడలేదా?"

"నాకు ఊఁ అని ఇనపడె. బిళ్ళ అట్ల ఇనిపిచ్చె. అట్ల ఇనపడేటట్టు జెయ్యమని మేడంకు చెప్పింది నేనే."

"ఆయప్ప లాగమంటాంటే, నువ్వేం జేస్తాండావు?"

అతని మాట తన గొంతులోది కానట్టుగా వచ్చింది.

"నవ్వుతాంటి."

బయట ఎవరో సుంకమ్మా, పొద్దు పోతాంది అని కేకేశారు. ఆమె కదల్లేదు. తమ్ముడి ముఖంలోకి, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు, తేరిపార చూసింది. అతని మెడమీద తోలూడిన చోట ఇంకా పచ్చిగా ఉన్న పుండు దాకా వచ్చి ఆమె చూపు ఆగింది.

"పుల్లిగా" అంది. మారెన్న తప్ప అతన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. "నేను పిలిచేదాకా నా ముందర నోరు తెరవొద్దు. ఏండ్లయినా సరే. నీ గొంతు ఇనలేను నేను."

అతను సరేనని అనబోయాడు. పెదవులు కలిశాయి, గొంతులో ఆ చిన్న శబ్దం పుట్టబోయింది. అంతలో నోరు గట్టిగా బిగించుకుని, తల మాత్రం ఊపాడు.

సుంకమ్మ భుజం అతనివైపు తిప్పి, తల వంచింది. పుల్లన్న చీర మడత విప్పి కప్పాడు.